పాత తోలు బ్యాగులు రెండు కొన్నాను, కొబ్బరినూనె రాయమంటున్నారు. రాయొచ్చా?

రాయగడ_చిన్ని:

అందరికీ నమస్కారం. మాది రాయగడ. ఈమధ్య బరంపురంలో మా పిన్ని వాళ్ళ వీధిలో ఒక పెద్దాయన ఇల్లు ఖాళీ చేసి కొడుకు దగ్గరికి వెళ్ళిపోతూ సామాను అమ్మేస్తుంటే, రెండు పాత తోలు హ్యాండ్‌బ్యాగులు తీసుకున్నాను. రెండూ కలిపి ఎనిమిది వందలు. ఆ ఇంటావిడ టీచరుగా చేసే రోజుల్లో వాడుకున్నవట. అంటే 1970ల నాటివి అయ్యుండాలి. ఇన్నాళ్ళూ బీరువాలో కలరా ఉండల మధ్యే ఉన్నాయి.

ఒకటి శాంతినికేతన్ బ్యాగు. ముదురు ఎరుపు రంగు, మీద ఉబ్బెత్తుగా పువ్వులూ ఆకులూ, అంచు చుట్టూ సన్నటి తోలు పట్టీతో అల్లిక. ఒక పక్క ఆ అల్లిక జానెడు మేర తెగి వేలాడుతోంది. మూత మీద తెల్లగా ఏదో పట్టింది. గుడ్డతో తుడిస్తే పోతుంది, మళ్ళీ వచ్చేస్తుంది.

రెండోది నల్లది, పెట్టె ఆకారం. పైన ఇత్తడి ఫ్రేము, రెండు గుబ్బలు ఒకదాని మీదొకటి పడి టక్కున మూసుకునే రకం. ఫ్రేము కీళ్ళ దగ్గర పచ్చగా మైనంలాంటిది పేరుకుంది. మూలలు గీసుకుపోయి లోపలి రంగు కనిపిస్తోంది. లోపలి లైనింగు చెయ్యి పెడితే అంటుకుంటోంది, నల్లటి పొడి రాలుతోంది. కలరా ఉండల వాసన సరేసరి.

మా అమ్మ కొబ్బరినూనె రాసి ఎండలో పెట్టమంటోంది. పక్కింటావిడ సర్ఫు నీళ్ళతో తుడవమంది. వీడియోల్లో ఒకరు స్పిరిట్ అంటారు, ఒకరు వెనిగర్ అంటారు, ఒకరు వంటసోడా ముద్ద పట్టించమంటారు. నేనింకా ఏమీ రాయలేదు. రెండూ రోజూ వాడుకోవాలని నా కోరిక. తెలిసినవాళ్ళు చెప్పండి.


పర్లాకిమిడి_అక్క:

చిన్నీ, ఏమీ రాయకముందే అడిగావు, చాలా మంచి పని చేశావు. కొబ్బరినూనె వద్దమ్మా. ఎండ వద్దు. సర్ఫు మరీ వద్దు. ఎందుకో చెప్తాను, కాస్త పొడుగవుతుంది.

నేను పర్లాకిమిడిలో ఇంటి దగ్గరే పాత బ్యాగులు బాగుచేస్తాను. మా మావయ్యగారు పుస్తకాలకి తోలు బైండింగు చేసేవారు. తోలు సంగతులు నాకు ఆయన బల్ల దగ్గరే తెలిశాయి. ఏ పుస్తకం వచ్చినా ఆయన ముందు కళ్ళద్దాలు పెట్టుకుని తోలు కోసిన అంచు చూసేవారు. నువ్వూ అక్కడే మొదలుపెట్టు. నల్ల బ్యాగు పట్టీ చివరో, కుట్టు దగ్గర మడత లోపలో, ఎక్కడో ఒకచోట కోసిన అంచు కనిపిస్తుంది. మధ్య పొర నీలం కలిసిన బూడిద రంగులో ఉంటే అది క్రోమ్ తోలు, అంటే క్రోమియం ఉప్పుతో పదునుచేసింది. గోధుమ రంగులో ఉంటే చెట్టు చెక్కతో, అంటే బెరడుతో, పదునుచేసిన తోలు. అంచున నూలుగుడ్డ పోగులు కనిపిస్తే అది తోలే కాదు, రెక్సిన్. రెక్సిన్ పై పొర పెచ్చులు ఊడటం మొదలయ్యాక దానికి చేసేదేమీ ఉండదు.

నీ శాంతినికేతన్ బ్యాగుకి ఆ పరీక్ష అక్కర్లేదు. అది చెక్కతో పదునుచేసిన మేకతోలో గొర్రెతోలో అయ్యుంటుంది. దక్షిణాదిలో ఆ పని తంగేడు చెక్కతో చేసి చివర కరక్కాయ పట్టించేవారు. విదేశాలకి ఈస్ట్ ఇండియా తోలు అన్న పేరుతో వెళ్ళేది అదే. మన ఏజెన్సీ అడవుల్లో ఏరే కరక్కాయకి తోళ్ళ పనిలో గిరాకీ ఉన్నది అందుకే. శాంతినికేతన్ పక్కనే టాగోర్ 1922లో పెట్టిన శ్రీనికేతన్‌లో ఈ చేతిపని మొదలయ్యాక శాంతినికేతన్ బ్యాగులన్న పేరు స్థిరపడింది. తోలు తడిపి, మెత్తబడ్డాక అచ్చు నొక్కి పువ్వులు తేలుస్తారు. ఆ తర్వాత స్పిరిట్‌లో కలిపిన రంగులు వేస్తారు. ఈ ఒక్క ముక్క గుర్తుంటే చాలు, స్పిరిట్ సీసా ఆ బ్యాగు దరిదాపులకి తీసుకురావు. ఏ రంగు స్పిరిట్‌లో కరిగి తోల్లోకి దిగిందో అదే రంగు స్పిరిట్ దూదికి ఊడి వచ్చేస్తుంది. నీళ్ళు ఎక్కువైనా ఉబ్బెత్తు పువ్వులు అణిగిపోతాయి, ఎందుకంటే అవి తడి మీదే లేచాయి కదా.

హౌరా లైను పుణ్యమా అని ఆ బ్యాగులు బరంపురం నుంచి శ్రీకాకుళం దాకా పాత ఇళ్ళల్లో ఇంకా కనిపిస్తాయి. నాకు వాటి మీద ప్రత్యేకమైన ప్రేమ. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

ఇప్పుడు ఆ తెలుపు సంగతి. అందరూ దాన్ని బూజు అనేస్తారు. బూజు కావచ్చు, తోల్లోంచి పైకి తేలిన కొవ్వు కావచ్చు. రెండూ తెల్లగానే ఉంటాయి, తుడిస్తే పోతాయి, మళ్ళీ వస్తాయి. తేడా తెలుసుకోవడానికి జుట్టు ఆరబెట్టుకునే బ్లోయర్ తీసుకో. బాగా తక్కువ వేడిలో, జానా బెత్తెడు దూరం నుంచి, కాసేపు మాత్రం గాలి కొట్టు. తోలు పొడిగా ఉండాలి సుమా. ఆ తెలుపు కరిగి కళ్ళముందే మాయమైతే అది కొవ్వు. అలాగే ఉండిపోతే బూజు. భూతద్దం ఉంటే ఇంకా బాగా తెలుస్తుంది. కొవ్వు పొరలాగ పరుచుకుని ఉంటుంది. బూజు చుక్కలు చుక్కలుగా మొలిచి, సన్నటి నూగుతో ఉంటుంది. ముక్కుకీ తెలుస్తుంది కానీ నీ బ్యాగులకి కలరా ఉండల వాసన అడ్డం.

కొవ్వయితే కరిగించి మెత్తటి పాత పంచె ముక్కతో అద్ది తియ్యి, అంతే. బూజయితే మాత్రం ఇంట్లో దులపకు. ముక్కుకి గుడ్డ కట్టుకుని పెరట్లోకి తీసుకెళ్ళి, నీడలో, మెత్తటి బ్రష్షుతో ఒకే దిక్కుకి దులుపు. అటూ ఇటూ రుద్దితే బూజు తోలు రంధ్రాల్లోకి ఇంకా దిగుతుంది. ఆ బ్రష్షు ఇంకే బ్యాగుకీ వాడకు. గాలిలో తేమ 65, 70 శాతం దాటి నిలిచిపోతే బూజు మళ్ళీ లేస్తుంది, అందుకని దులపడంతో పని అయిపోదు. బ్యాగుని గాలి ఆడేచోట తెరిచి పెట్టాలి.

కొబ్బరినూనె మాటకొస్తే, అది 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. మీ రాయగడలో చలికాలం రాత్రుళ్ళు అంతకంటే చాలా కింద ఉంటాయి. తోల్లోకి దిగిన నూనె అక్కడే పేరుకుని తెల్లగా పైకి తేలుతుంది. పైగా కొన్నాళ్ళకి కంపు కొడుతుంది. ఇప్పుడు నీ మూత మీద ఉన్నది కొవ్వే అయితే, ఆ టీచరమ్మగారి ఇంట్లో ఎవరో ఎప్పుడో ఏదో నూనె రాసి ఉండొచ్చు.

సర్ఫు ఎందుకు వద్దంటే, తోలు స్వభావరీత్యా ఆమ్లం వైపు ఉంటుంది. పీహెచ్ అంటారు చూడు, అది తోలుకి మూడున్నర నుంచి అయిదు లోపల. ఒంటి సబ్బు తొమ్మిదీ పదీ. బట్టల పొడి అంతకంటే ఎక్కువైనా అవుతుంది. క్షారం తగిలితే పదును వదిలి నారలు బిరుసెక్కుతాయి. వంటసోడా ముద్ద కూడా క్షారమే, తోలుకి తగలనివ్వకు. అదే సోడా ఒక గిన్నెలో పోసి బ్యాగు లోపల పెడితే మాత్రం వాసన లాగుతుంది.

మరి దేంతో తుడవాలంటే, చాలావరకు దేంతోనూ అక్కర్లేదు. ఉతికి ఉతికి మెత్తబడ్డ తెల్ల నూలుగుడ్డ పొడిగా తీసుకుని, వేలికి చుట్టుకుని, చిన్న చిన్న గుండ్రాలుగా తుడువు. గుడ్డ నల్లబడగానే మడత మార్చు. కుట్లలో, పువ్వుల గీతల్లో ఉన్న దుమ్ముకి పొడి టూత్‌బ్రష్షు. నా దగ్గరికి వచ్చే బ్యాగుల్లో మట్టి ఎక్కువభాగం ఈ ఎండు తుడుపుకే పోతుంది. జనానికి ఓపిక చాలక నీళ్ళ దగ్గరికి వెళ్ళిపోతారు.

నల్ల బ్యాగు అడుగున ఒక్క నీటిచుక్క వేసి చూడు. చుక్క నిలబడితే పైన రంగు పొర ఉంది. దాన్ని బాగా పిండిన తడిగుడ్డతో ఒకసారి తుడిచి వెంటనే పొడిగుడ్డ వెయ్యొచ్చు. నీళ్ళు పంపువి వద్దు, బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ పెట్రోలు బంకు దగ్గర దొరుకుతుంది, అది మేలు. చుక్క పీల్చుకుని మచ్చ పడితే, తడిగుడ్డ ఆలోచన మానెయ్యి.

ఫ్రేము దగ్గర పచ్చనిది చిలుము. ఇత్తడిలో రాగి ఉంటుంది, తోల్లో నూనె ఉంటుంది. రెండూ కలిసి ఆ పచ్చటి మైనం పుడుతుంది. నూనె రాసినకొద్దీ చిలుము పెరగడమే. వెదురు పుల్ల చివర చెక్కి దాంతో గీకి తియ్యి, తర్వాత పొడి దూది పుల్ల. చింతపండు పెట్టి తోమాలనిపిస్తుంది, ఇత్తడి చూస్తే మనవాళ్ళ చెయ్యి ఆగదు. కానీ ఆ పులుసు తోల్లోకి కారిందంటే ఇంక బయటికి రాదు. ఫ్రేము విడిగా ఊడి వచ్చేదైతేనే చింతపండు. ఊడనిదైతే పొడిగుడ్డతో ఎంత మెరిస్తే అంతే చాలు.

ఇంకొక్కటి చూసి చెప్పు. శాంతినికేతన్ బ్యాగు మూత మడత లోపల వేలు రాస్తే ఎర్రటి పొడి అంటుతోందా? ఇది ముఖ్యం.


బల్లార్షా_పోచన్న:

అక్కా నమస్తే. మాది చంద్రపూర్ జిల్లా బల్లార్షా. మీరు చెప్పింది బాగుంది కానీ నూనె అసలు వద్దంటే నేను ఒప్పుకోను. మా తాత చెప్పులకి ఆముదం పట్టించేవాడు, ఆ చెప్పులు ఏళ్ళ తరబడి వచ్చేవి. మా దగ్గర మే నెలల ఎండ నలభై అయిదు దాటుతది. నూనె లేకపోతే తోలు ఎండుకుపోయి మడత దగ్గర పగులుతది. నా పాత ఆఫీసు బ్యాగు కూడా ఆముదంతోనే ఆపుకున్న. మీ దగ్గర సముద్రపు తేమ, మా దగ్గర పొడి గాలి. ఇద్దరికీ ఒకటే మందు ఎట్లయితది?


పర్లాకిమిడి_అక్క:

పోచన్న తమ్ముడూ, మీరు చెప్పిన ఎండ మాట నిజం, మా మీద మీకు పొడిగాలి బాధ ఎక్కువ. మీ తాతగారు చేసింది కూడా సరైన పనే. ఆయన చెప్పు గేదెతోలు, వేలంత మందం, పైన రంగు పొర ఏదీ లేనిది. రోజంతా మట్టిలో, చెమటలో, నీళ్ళలో నలిగి లోపలి నూనె కోల్పోతుంది. ఆముదం తాగుతుంది, దానికి కావాలి కూడా. కొల్హాపురి చెప్పుల తోలూ ఆ జాతిదే, చెక్కతో పదునుచేసింది.

చిన్ని దగ్గర ఉన్నది అట్టముక్కంత పలచటి మేకతోలు. అది ఆముదం తాగితే మొత్తం నల్లబడుతుంది, రంగుల పువ్వులు మసకబారతాయి, జిడ్డు చీరకి అంటుతుంది. ఆముదం త్వరగా ఆరే నూనె కాదు కాబట్టి దుమ్మంతా పట్టేస్తుంది. నల్ల బ్యాగుకైతే పైనున్న రంగు పొర నూనెని లోపలికి దిగనివ్వదు, పైనే జిడ్డుగా నిలుస్తుంది.

తోలుకి తేమా కొవ్వూ అక్కర్లేదని నేననను. హ్యాండ్‌బ్యాగుకి రంగు లేని లెదర్ క్రీము చాలు, అది కూడా శనగగింజంత. గుడ్డకి రాసి, గుడ్డ మీదే నలిపి, అప్పుడు తోలు మీద తిప్పాలి. రాత్రంతా వదిలి పొద్దున్న పొడిగుడ్డతో తుడిచెయ్యాలి. మీ వైపయితే ఏడాదికి రెండుసార్లు, మా వైపయితే ఒక్కసారి, వానలు పూర్తిగా వెనక్కి తగ్గాక. ఆ పాత ఆఫీసు బ్యాగు మందపాటి తోలయితే మీ ఆముదం మీరు కొనసాగించండి. కాకపోతే మే నెలలో కారు లోపల వదలకండి. పాతబడ్డ తోలు, అందులోనూ తడిది, వేడికి ముడుచుకుపోతుంది. చెక్కతో పదునుచేసిన తోలు తడిగా ఉన్నప్పుడు 70, 80 డిగ్రీలకే ముడుచుకుంటుంది, వయసైనది ఇంకా తక్కువకే. అలా ముడుచుకున్న తోలుకి ఏ నూనె పట్టించినా సాగదు. బ్లోయర్ పొడి తోలు మీదే అని చిన్నికి అందుకే చెప్పాను.


బల్లార్షా_పోచన్న:

మందం సంగతి నేను ఆలోచన చెయ్యలేదక్కా, అది సరైన మాట. నాది మందపు తోలే. కారులో వదల.


గుణుపురం_సత్యం:

చిన్ని గారూ, లైనింగు గురించి ఒక మాట. ఆ కాలం బ్యాగుల్లో కొన్నిటికి లోపల స్పాంజి పూత ఉన్న గుడ్డ వేసేవారు. పాలీయురేథేన్ అంటారు. గాలిలో తేమకి అది లోపల్లోపలే విడిపోయి జిగటగా మారి పొడి అవుతుంది. తుడిచేకొద్దీ ఇంకా వస్తుంది. దాన్ని బతికించాలని చూడకండి, తీసెయ్యడమే దారి. నేను టైలరుని. ఇలాంటివి ఒకటీ అరా చేశాను.

ఫ్రేము దగ్గర అంగుళం గుడ్డ వదిలి కింద లైనింగు కత్తిరించండి. తీసిన పాత సంచిని పారెయ్యకండి, కుట్లు విప్పి పేపరు మీద పరిచి గీసుకుంటే అదే కొలత. కొత్త సంచి విడిగా కుట్టుకుని, లోపలికి దించి, ఆ వదిలిన అంగుళానికి చేత్తో కుట్టెయ్యాలి. ఫ్రేములో తోలు ఎలా బిగించారో దాన్ని మాత్రం కదపొద్దు, మళ్ళీ బిగించడం ఇంట్లో కుదరదు. గుడ్డ నూలుదే పెట్టండి. పొందూరు ఖద్దరు అందంగా ఉంటుంది కానీ పలచన, అడుగున కోరా గుడ్డ ఇంకో వరస వెయ్యాలి. ముందు గుడ్డ ఉతికి ఆరేశాకే కొయ్యండి. లేకపోతే తర్వాత ముడుచుకుని నోరు బిగుసుకుంటుంది.


రాయగడ_చిన్ని:

అక్కా, సత్యం గారూ, పోచన్న గారూ, ఎంత ఓపిగ్గా రాశారు! అన్నీ చూశాను.

నల్ల బ్యాగు పట్టీ చివర లోపలి పొర బూడిద నీలం. నీటిచుక్క ముత్యంలాగ నిలబడింది. శాంతినికేతన్ బ్యాగు మూత మీద తెలుపు బ్లోయర్ గాలికి కరిగిపోయింది, అక్కా మీరు చెప్పినట్టే కళ్ళముందే. కానీ అడుగున ఒక మూల మాత్రం కరగలేదు. అక్కడ సన్నటి నూగు ఉంది. అంటే రెండూ ఉన్నట్టేనా?

మూత మడతలో ఎర్రపొడి లేదు. కానీ మూత మధ్యలో నొక్కు బటను చుట్టూ నల్లటి వలయంలా మరక ఉంది. మొదట మసి అనుకున్నాను, పొడిగుడ్డకి ఏమీ రావడం లేదు. నిమ్మకాయ రాస్తే పోతుందని అత్త అంటోంది. ఇంకోటి, తెగిన అల్లిక నేనే కుట్టుకోవచ్చా, చెప్పులు కుట్టేవాళ్ళకి ఇవ్వాలా? నల్ల బ్యాగు మూలలకి బూటు పాలిష్ వెయ్యొచ్చా?


పర్లాకిమిడి_అక్క:

రెండూ ఉన్నట్టే. ఒకే బ్యాగుకి పైన కొవ్వు, అడుగున బూజు, ఇది మామూలే. అడుగు భాగం బీరువా చెక్కకి ఆనుకుని గాలి లేక బూజు పట్టింది. బూజు మూల ముందు పెరట్లో దులుపు, ఆ తర్వాతే మూత పని. తిరగేసి చేస్తే బూజు మూత మీదికి వస్తుంది.

ఎర్రపొడి లేదన్నావు, నా ప్రాణం కుదుటపడింది. మా మావయ్యగారి దగ్గరికి వచ్చే పాత పుస్తకాల్లో అదే పెద్ద జబ్బు. గాలిలోని గంధకపు వాయువు చెక్కతో పదునుచేసిన తోల్లోకి చేరి ఆమ్లంగా మారుతుంది. లోపలి నారని తినేస్తుంది, తోలు ఎర్రటి పొడిగా రాలుతుంది. పట్టిందంటే వెనక్కి రాదు. పుస్తకాల సంరక్షణ చేసేవాళ్ళు ఉన్నదాన్ని ఉన్నట్టు నిలబెట్టే జిగురు మందులు వాడతారు. అవి స్పిరిట్‌లో కలిపినవి కాబట్టి రంగుల బ్యాగుకి పనికిరావు. నీకు ఆ బెంగ లేదు.

బటను చుట్టూ నల్లవలయం మసి కాదమ్మా. ఆ బటను లోపలి స్ప్రింగు ఇనుముది. తుప్పు పట్టి, తేమతో తోల్లోకి దిగింది. తోల్లో ఉన్న చెక్కరసానికి ఇనుము తగిలితే నలుపు పుడుతుంది. కలంకారీ వాళ్ళు గుడ్డకి కరక్కాయ పట్టించి, పాత ఇనుమూ బెల్లమూ ఊరబెట్టిన నీళ్ళతో నల్లగీతలు గీస్తారే, అదే పని ఇక్కడ అనుకోకుండా జరిగింది. కలంకారీ నలుపు ఎన్ని ఉతుకులకి పోతుంది చెప్పు? ఇదీ అంతే. నిమ్మరసం ఆ నలుపుని కొంత లాగుతుంది నిజమే, దాంతోపాటు నీ ఎర్రరంగునీ లాగి, అక్కడ పాలిపోయిన మచ్చ మిగులుస్తుంది. నల్లవలయం కంటే పాలిపోయిన మచ్చే కంటికి గుచ్చుకుంటుంది. వదిలెయ్. కొత్తగా తుప్పు దిగకుండా మాత్రం ఆపాలి. పొడి దూదిపుల్లతో బటను గాడిలో తుప్పు తీసి, తెల్ల కొవ్వొత్తి మైనం లోపల ఇనుముకి రాయి. మైనం తోలుకి అంటకుండా పుల్ల చివరతో పెట్టు. బటను పట్టు వదిలేసి ఉంటే అదీ తీసేసి వేరేది పెట్టించొచ్చు. పర్లాకిమిడిలో కొమ్ముపని చేసేవాళ్ళున్నారు. నేను ఇలాంటి బ్యాగులకి వాళ్ళతో చిన్న కొమ్ము గుబ్బ చేయించి, తోలు ఉచ్చు కట్టి పెడతాను. కొమ్ముకి తుప్పు లేదు, చిలుము లేదు. మేకతోలు పక్కన దాని నునుపు ఎంత బాగుంటుందో చూస్తే నువ్వే అంటావు.

బూటు పాలిష్ నల్లది వద్దు. బూటుకి ఎవరూ ఆనుకుని కూర్చోరు, బ్యాగు నడుముకి రాసుకుంటుంది. ఆ నలుపంతా చీరకీ జుబ్బాకీ దిగుతుంది. నీ నల్ల బ్యాగు క్రోమ్ తోలు, పైన రంగు పొర, కాబట్టి మూలలకి నీళ్ళలో కలిసే యాక్రిలిక్ లెదర్ రంగు వెయ్యి, అది ఆరాక అంటదు. ముందు ఆ మూలల జిడ్డు పోవాలి. ఈ బ్యాగుకి స్పిరిట్ పనికొస్తుంది, అయితే మూలల మీద మాత్రమే, దూది తడిపీ తడపనట్టు. రంగుని చిన్న స్పాంజి ముక్కతో అద్దాలి, బ్రష్షుతో గియ్యకూడదు. ఒక పొర పలచగా అద్ది, పూర్తిగా ఆరాక రెండోది. నలుపులో కూడా గోధుమ నలుపు, నీలం నలుపు ఉంటాయి. అందుకని ముందు అడుగున ఒక చుక్క అద్ది పగటి వెలుతురులో చూసుకో. చివర క్రీము, నేను పోచన్న తమ్ముడికి చెప్పిన కొలతే.

అల్లిక సంగతి బరంపురం బాబు ఒకరు ఇక్కడ బాగా రాస్తుంటారు, ఆయన్ని అడుగుదాం.


బరంపురం_రమణ:

ఇక్కడే ఉన్నానక్కా. చిన్ని గారూ, ఆ అల్లిక మీరే చేసుకోవచ్చు. జాగ్రత్త ఒక్కటే, కొత్త చిల్లు ఒక్కటి కూడా పెట్టకండి. పాత చిల్లుల మధ్య కొత్తవి పడితే తపాలా బిళ్ళల అంచులాగ ఆ వరస అంతా చిరిగిపోతుంది. చెప్పులు కుట్టేవాళ్ళకి ఇస్తే, వాళ్ళ తప్పు కాదు గానీ, బలంగా ఉండాలని ఆరెతో కొత్త చిల్లు పొడిచి మందపు నైలాన్ దారం వేసేస్తారు. వాళ్ళ చెయ్యి చెప్పులకి అలవాటు పడింది. ఇవ్వాలనుకుంటే పక్కనే కూర్చుని, పాత చిల్లుల్లోంచే రమ్మని చెప్పి చేయించుకోండి. మా వీధిలో ఒక ముసలాయన అలాగ చెప్తే ఎంతో ఇష్టంగా చేస్తాడు.

మీరే చేస్తే, చెక్కతో పదునుచేసిన మేకతోలు చిన్న ముక్క తీసుకోండి. వెడల్పు మీ పాత పట్టీని పక్కన పెట్టి కొలవండి, సాధారణంగా మూడు మిల్లీమీటర్లు వస్తుంది. స్కేలు ఆనించి కొత్త బ్లేడుతో ఒకే గీతలో కొయ్యాలి. చివర సన్నగా ఏటవాలుగా చెక్కి, మైనం పట్టించి గట్టిపరిస్తే సూది అక్కర్లేకుండా చిల్లులో దూరుతుంది. పాత పట్టీ చివర బలంగా ఉన్నచోట దాకా విప్పి, కొత్తదాని చివరా పాతదాని చివరా పలచగా చెక్కి, ఒకదాని మీదొకటి అతికించండి. జిగురు చెప్పుల పనిలో వాడే రబ్బరు జిగురు. రెండు వైపులా రాసి, వేలికి అంటనంత ఆరాక నొక్కాలి. వెంటనే అతుక్కునే ట్యూబు జిగురు పెట్టొద్దు. అది గాజులా గట్టిపడి మడతపడ్డప్పుడు పక్క తోలుని కోస్తుంది. అతుకు రెండు పొరల మధ్య పడేట్టు చూసుకోండి, పైకి కనపడదు. లాగి బిగించకండి. పక్కన ఉన్న పాత అల్లిక ఎంత వదులుగా ఉందో అంతే.

నల్ల బ్యాగు పిడి దగ్గర కుట్లు కూడా ఒకసారి చూడండి. నూలు దారమైతే యాభై ఏళ్ళకి కుళ్ళిపోయి ఉంటుంది. గోరుతో లాగితే తెగిపోతే అంతా మార్చాల్సిందే. మైనం పట్టిన పాలిస్టరు దారం, రెండు చివరలా రెండు సూదులు, ప్రతి చిల్లులోంచీ రెండు సూదులూ ఎదురెదురుగా వెళ్ళాలి. అలా కుడితే ఒక పోగు తెగినా రెండోది పట్టి ఉంచుతుంది. మిషను కుట్టులో ఆ సుఖం లేదు.


రాయగడ_చిన్ని:

పిడి దారం లాగి చూశాను రమణ గారూ, పుటుక్కున తెగిపోయింది. అయితే అదీ మార్చేస్తాను. సత్యం గారు చెప్పినట్టు లైనింగు తీసేశాను, లోపల తోలు వెనకభాగం శుభ్రంగా ఉంది. అక్కా, చివరగా రెండు. కలరా ఉండల వాసన ఎలా పోతుంది? ఇవి బాగయ్యాక ఎక్కడ పెట్టాలి? మా ఇంట్లో ఇనప బీరువా తప్ప ఇంకేం లేదు.


పర్లాకిమిడి_అక్క:

వాసనకి తొందరపడకు. రెండు బ్యాగులూ నోరు తెరిచి, వరండాలో నీడన, వాన జల్లు పడనిచోట పెట్టు. లోపల పాత గుడ్డలో కట్టిన వంటబొగ్గు మూట ఒకటి. బొగ్గు మసి తోలుకి అంటకుండా గుడ్డ రెండు పొరలు ఉండాలి. కొత్త లైనింగు కుట్టేది వాసన పోయాకే, లేకపోతే నూలుగుడ్డ దాన్ని పీల్చుకుంటుంది. సెంట్లూ అగరుపొగా వద్దు.

ఇనప బీరువా వానాకాలంలో లోపల చెమ్మ పడుతుంది, గాలి ఆడదు. తప్పదనుకుంటే వెనక గోడకి తగలకుండా మధ్య అరలో పెట్టు. బ్యాగు ప్లాస్టిక్ కవర్లో కాకుండా పాత దిండుగలీబులో ఉండాలి. లోపల ఆకారం నిలవడానికి పాత నూలుగుడ్డలు కుక్కు. న్యూస్‌పేపర్ కుక్కితే సిరా దిగుతుంది. సిలికా జెల్ పొట్లాలు పెడితే వాటిని అప్పుడప్పుడూ మార్చాలి, తేమ తాగేశాక అవి ఉన్నా లేనట్టే. పిడి పట్టుకుని కొక్కేనికి వేలాడదీయకు, బరువంతా కొత్త కుట్ల మీద పడుతుంది.

అన్నిటికంటే మంచిది వాడటం. రోజూ చెయ్యి తగులుతూ గాలి ఆడుతున్న బ్యాగుకి బూజు పట్టడం నేను చూడలేదు. కొమ్ము గుబ్బ కావాలంటే బటను రంధ్రం కొలత మిల్లీమీటర్లలో రాసి పంపు, ఉచ్చుకి ఎర్ర మేకతోలు ముక్క నా దగ్గర ఉంది.


రాయగడ_చిన్ని:

రంధ్రం తొమ్మిది మిల్లీమీటర్లు అక్కా. గుబ్బ నల్లకొమ్ముది కావాలి. పూజల సెలవల్లో పర్లాకిమిడి మా మేనత్త వాళ్ళింటికి వస్తున్నాను, బ్యాగు తీసుకొస్తాను.